తీర్థం పుచ్చుకోని మనిషి

“ఇది కోటార్ అండి. సముద్రం కొండల మధ్యకి ఎలా చొచ్చుకొచ్చేసిందో చూశారా? మాంటెనెగ్రో వెళ్ళినవాళ్ళు ఇది చూడకుండా రాకూడదట,” అంటూ వేదవతి లాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది.

నర్సింలు చూశాడు. ఇందాకటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. నీలం నీళ్ళు, రాతి గోడలు, ఎర్ర పెంకుల ఇళ్ళు, ఏ గోడ మీద చూసినా ఒక పిల్లి. కళ్ళు మూతలు పడుతున్నాయి. అల్ ఖోర్‌లోని ఆ ఫ్లాట్‌లో ఏసీ హాయిగా ఉంది, సోఫా మెత్తగా ఉంది. రాత్రి కంటిమీద కునుకు లేని మనిషిని కూర్చోబెట్టాల్సిన చోటు కాదది.

నిజామాబాద్ జిల్లాలో ఎస్సైగా రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, దోహాలో ఒక అరబ్బు వకీలు ఆఫీసులో కేసుల కూపీ లాగే పనికి చేరాడు నర్సింలు. ఇంట్లో కూర్చోవడమే నయమని మొదటి ఎండాకాలంలోనే తెలిసొచ్చింది. ఈ కేసు కాగానే టికెట్ కొనుక్కుంటానని అప్పటి నుంచి ప్రతి కేసుకీ అంటూనే ఉన్నాడు. చమురు డబ్బుతో ఊరు పెరుగుతున్నకొద్దీ జనం పెరిగారు, జనంతోపాటు కేసులూ పెరిగాయి. టికెట్ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పటి కేసు దోహా పక్కన ముఐథర్ అనే పేటది. పోయినవాడు జలంధర్‌రావు. తన పెదనాన్న కొడుకు సుధాకరరావుతో కలిసి టూర్ల కంపెనీ నడిపేవాడు. బుధవారం సాయంత్రం తన అద్దె విల్లాలో, మంచం పక్కన, తల వెనక దెబ్బతో శవమై కనిపించాడు. మంగళవారం రాత్రి ప్రాణం పోయి ఉంటుందన్నాడు డాక్టరు. బయటి తలుపు తాళం చెవి డ్రైవర్ ముత్యం దగ్గర ఉంది. శవాన్ని మొదట చూసిందీ అతనే. చూసి, ఎవరికీ చెప్పకుండా గడప దగ్గర కూలబడి ఏడుస్తూ కూర్చున్నదీ అతనే. ఇంకేం కావాలి? తీసుకెళ్ళి లోపల వేశారు.

రేపు పొద్దున ముత్యం వాంగ్మూలం తీసుకుంటారు. అరబ్బీలో రాసిన కాగితం మీద వేలిముద్ర పడిందంటే, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా చెరపలేడు. జగిత్యాల పక్కన పల్లె నుంచి అతని తల్లి భూమవ్వ రోజూ ఫోన్ చేస్తుంది. “దుబాయ్ల నా కొడుకును ఏం జేస్తున్నరు సారూ?” అని ఏడుస్తుంది. ఇది దుబాయ్ కాదవ్వా, ఖతర్ అని సరిదిద్దడం నర్సింలు మానేశాడు. కొడుకు ప్రాణం మీదికి వచ్చిన తల్లికి ఏ దేశమైతేనేం?

శనివారం సాయంత్రం అన్నదమ్ములిద్దరూ గట్టిగా అరుచుకున్నారని ముత్యం చెప్పాడు. “‘టూరని తోలుకపోయి మనుషులను ఆడ ఇడిశిపెట్టుడు బంద్ జెయ్యన్నా, లేకపోతే నేనే ఎంబసీకి పోత’ అన్నడు మా సారు,” అన్నది అతని మాట. కానీ సుధాకరరావు ఆదివారం తెల్లవారుజామున విమానం ఎక్కాడు. తమ్ముడు పోయాడంటున్న రాత్రి అతను మాంటెనెగ్రోలో ఉన్నాడు. ఆ టూరులో అతనితో తిరిగివచ్చిన మనిషి ఈ వేదవతి. భర్త ఇక్కడి గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. ఆయనకు సెలవు దొరక్క, అత్తగారిని తీసుకుని వెళ్ళింది.

“ఓ మాట చెప్పుండ్రి మేడం. సుధాకరరావు మీ నడుమలకెల్లి ఒక్క పూటన్న ఎటన్న పోయిండా?”

“అబ్బే, లేదండి. పొద్దున్న టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా మాతోనే.”

“మీతోని వచ్చినోళ్ళంత తిరిగొచ్చిండ్రా?”

వేదవతి కొంచెం తడబడింది. “ఇద్దరు రాలేదండి. మీ వైపు వాళ్ళే, ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు, ఒక్క ఫొటో కూడా దిగలేదు. లోయ మీద పెద్ద వంతెన ఉందని చూపించాను చూడండి, తారా వంతెన, అక్కడ బస్సు దిగారు, మళ్ళీ ఎక్కలేదు. స్నేహితులు ఉన్నారు, తర్వాత వస్తారన్నారు సుధాకరరావు గారు.”

ముత్యం చెప్పింది అబద్ధం కాదన్నమాట. కానీ దాంతో ముత్యం బయటికి రాడు. మనుషుల్ని దేశాలు దాటించడం వేరు, దోహాలో ఉన్న తమ్ముణ్ణి యూరప్‌లో కూర్చుని చంపడం వేరు. నర్సింలు మొహం రుద్దుకున్నాడు. “చూపియ్యుండ్రి, ఇంక ఏమేం ఉన్నయో,” అన్నాడు నీరసంగా.

“ఇదిగో, కోటార్ కోట గోడ. కొండ మీద దాకా మెట్లే. నాకైతే ఊపిరాడలేదండి. ఆయన మాత్రం మా అత్తయ్యగారి సంచీ కూడా భుజాన వేసుకుని చకచకా ఎక్కేశారు. అదే రోజు మధ్యాహ్నం ఇక్కడికి వెళ్ళాం. నీళ్ళ మధ్యలో చిన్న దీవి, దాని మీద మేరీమాత గుడి. దీవి కూడా సహజంగా ఉన్నది కాదట, పడవలవాళ్ళు తరతరాలుగా రాళ్ళు వేసి వేసి కట్టారట. ఎంత భక్తో చూడండి!”

గుడి ముందు అందరూ వరసగా నిలబడి ఉన్నారు. నర్సింలు ముందుకు వంగాడు. “ఇందుల సుధాకరరావు లేడు?”

“కడుపులో తిప్పుతోందని పడవలోనే ఉండిపోయారు.”

తర్వాతి ఫొటోలో ఉన్నాడు. దాని తర్వాతి దాంట్లోనూ ఉన్నాడు. సముద్రం ఒడ్డున ఐస్‌క్రీమ్ తింటూ ఉన్నాడు. కడుపు తిప్పిన మనిషి సాయంత్రానికి ఐస్‌క్రీమ్ తిన్నాడు. సరే, తినకూడదని రూలేం లేదు.

“ఇది మర్నాడు, మంగళవారం. ఓస్ట్రోగ్ మఠం. ఇదే అన్నిటికన్నా గొప్పదండి. నిట్టనిలువు కొండ, దాని పొట్టలో తెల్లగా, అంటించినట్టు గుడి. లోపల ఒక సాధువు గారి సమాధి ఉంది. ఆయన్ని మొక్కుకుంటే జబ్బులు పోతాయని కింద నుంచి చెప్పుల్లేకుండా నడిచొస్తారు జనం. అత్తయ్యగారు కూడా చెప్పులు విడిచేశారు.”

“ఈడ గుడ లేడు గద సుధాకరరావు.”

“గేటు దాకా వచ్చారండి. మోకాళ్ళ నొప్పని బయట బండ మీద కూర్చున్నారు.”

“నిన్న కోట ఎక్కిన మోకాళ్ళు ఇయ్యాల గుడి ముందటనే నొచ్చినయా?”

“మీరు మరీనండి,” వేదవతి నవ్వేసింది. “నొప్పి చెప్పి వస్తుందా?”

“మోకాలూ లేదు, గీకాలూ లేదు.” వెనక నుంచి గొంతు వినిపించింది. వేదవతి అత్తగారు సావిత్రి కింద చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఇంతసేపూ ఈ గదిలో ఉన్నట్టే లేదు. “ఆ అబ్బాయికి సూతకం నాయనా. పదిమందిలో చెప్పుకోలేక అలా అన్నాడు.”

నర్సింలుకి నిద్ర ఎటుపోయిందో తెలియదు.

“మీకెట్ల తెలుసమ్మా?”

“లోపల దేవుడి నీళ్ళు సీసాలో పట్టుకుని వచ్చాను. ఏ దేవుడైతేనేం, దేవుడే కదా. పాపం ఒక్కడూ బయట కూర్చున్నాడని, చెయ్యి పట్టు బాబూ, తీర్థం పోస్తానన్నాను. పాముని చూసినట్టు వెనక్కి జరిగాడు. ‘నన్ను ముట్టుకోకండి పిన్నిగారూ, మాకు సూతకం’ అన్నాడు. అయ్యో ఎవరు నాయనా అంటే, ‘మా పాలోళ్ళల్ల ఒకాయన’ అన్నాడు. మీ వైపు దాయాదుల్ని అలా అంటారట కదూ? కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు.”

“మంగళవారం, మధ్యాహ్నం?”

“ఎండ నడినెత్తిన ఉంది.”

వేదవతి నోరు తెరుచుకుని అత్తగారి వైపు చూసింది. “నాకు చెప్పనేలేదేమిటి అత్తయ్యగారూ?”

“విహారానికి వెళ్ళినచోట చావు మాట ఎందుకే?”

నర్సింలు లేచాడు. “అమ్మా, ఈ ముచ్చట మన ముగ్గురి నడుమనే ఉండాలె. రేపు పొద్దున నేను కారు దెస్త. మీరొచ్చి పోలీసు పెద్దసారు ముందట గిదే మాట జెప్పాలె. మీరు చెప్తే ఒక తల్లి కొడుకు బతుకుతడు.”

“చెప్పడానికేం నాయనా, జరిగిందేగా,” అంది సావిత్రి, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ.

కారులో కూర్చోగానే జగిత్యాల దగ్గర సుధాకరరావు వాళ్ళ ఊరి సర్పంచికి ఫోన్ కలిపాడు. మాట సాగదీయకుండా అడిగాడు: ఆ రావుల ఇంటి పాలోళ్ళల్లో ఈమధ్య ఎవరన్నా పోయారా?

“లేరు సార్. దుబాయ్ల జలంధర్‌రావు పోయిండట గదా, ఆయనొక్కడే. మిగిలినోళ్ళంత గుండ్రాళ్ళ లెక్క ఉన్నరు,” అన్నాడు సర్పంచి.

నర్సింలు ఇంజన్ ఆన్ చేసి లెక్క వేసుకున్నాడు. శవం దొరికింది బుధవారం సాయంత్రం. డాక్టరు లెక్కన చనిపోయింది మంగళవారం రాత్రి. మంగళవారం మధ్యాహ్నం, అంటే జలంధర్‌రావు ఇంకా బతికే ఉన్నాడని లోకమంతా అనుకుంటున్నప్పుడు, ఒక్క సుధాకరరావు మాత్రం తమ్ముడికి సూతకం పట్టాడు. తమ్ముడి తల పగలగొట్టడానికి చెయ్యి వచ్చింది, తీర్థానికి చెయ్యి చాపడానికి రాలేదు. మనిషంటే ఇంతేనా అనిపించింది నర్సింలుకి. అతని మీద కోపం రావాల్సిన చోట ఎందుకో జాలి వేసింది. అది మరీ విసుగనిపించింది.

ముఐథర్ విల్లా తలుపు తీసింది జలాలుద్దీన్. పాతబస్తీ మనిషి. విల్లా యజమాని దగ్గర సెక్యూరిటీ ఇన్‌చార్జి. తెలుగూ అరబ్బీ రెండూ వచ్చు కాబట్టి పోలీసుల దగ్గర తర్జుమా చేసేదీ అతనే. ముత్యమే చంపాడని మొదటి రోజే తేల్చేశాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

“మళ్ళొచ్చినవా నర్సింలు సాబ్? ఈ ఇంట్ల ఇంకేం మిగిలింది, గోడల సున్నం దప్ప?”

“సున్నమే గీకి చూస్త. పడకగది తియ్యి.”

“ఖల్లాస్ అయిన కేసు మియా. రేపు వాడు వేలిముద్ర వేస్తడు. నాకు ఇంటికి పోయి పండుకోవాలని ఉన్నది.”

“నాకు గుడ ఉన్నది. తియ్యి.”

గదిలో మంచం, అల్మారా, గోడకి టీవీ, దాని పైన ఏసీ. కిటికీలు మూసే ఉన్నాయి. ఉక్కపోతకి చొక్కా వీపుకి అంటుకుంది. నర్సింలు కుర్చీ లాక్కుని, మోకాళ్ళు మూలుగుతుండగా ఎక్కి, ఏసీ మూతిని వేలితో తడిమాడు. రెండు పక్కలా జిగురు. చింపేసిన ప్లాస్టర్ ముక్కలు అంచుకి వేలాడుతున్నాయి. అల్మారా వెనక గుప్పెట్లో పట్టేంత గుడ్డ ఉండచుట్టి పడి ఉంది. విప్పితే పాత లుంగీ ముక్క, అంచుల వెంట అదే ప్లాస్టర్.

“ముత్యం నాకు చెప్పిండు. జలంధర్‌రావుకు కీళ్ళవాతం, ఏసీ పడది. ఎండకాలం గుడ ఫ్యానే. ఏసీ మూతికి లుంగీ గట్టి ప్లాస్టర్ ఏసిపెట్టుకున్నడు. మరి బుధవారం నువ్వొచ్చినప్పుడు ఈ గది ఎట్లుండె?”

జలాలుద్దీన్ మొహం చిట్లించాడు. “బర్ఫ్ లెక్క సల్లగ ఉండె. నేనే బంద్ చేసిన.”

“రిమోట్ ఏది?”

బల్ల మీద ఉంది. దాని పక్కన టీవీ రిమోట్. నర్సింలు టీవీ రిమోట్‌ని రుమాలుతో ఎత్తి వెనక్కి తిప్పాడు. మూత లేదు, లోపల సెల్స్ లేవు. ఏసీ రిమోట్ తిప్పాడు. దాంట్లో రెండూ ఉన్నాయి.

“టీవీ ముందట పెట్టుకోకపోతే ముద్ద దిగది ఈ మనిషికి. మంగళవారం దాక బతికున్నడంటివి గదా, మూడు రోజులు టీవీ లేకుండ, వాతం మనిషి, గడ్డకట్టే చలిల కూసున్నడా? ఏసీ రిమోట్‌ల సెల్స్ ఎన్నడు లేవు జలాలుద్దీన్, దాంతోని పనే లేకుండె. ఎవడో టీవీ దాంట్లయి తీసి ఇందుల ఏసిండు.”

“ఎందుకు?”

“పాలు బయట పెడితే ఏమైతది? ఫ్రిజ్జిల పెడితే ఏమైతది? గంతే. శనివారం రాత్రి పోయిన మనిషిని చలిల పెట్టిండు. డాక్టరుకు మంగళవారం పోయినట్టు కనబడ్డడు. ఆ లోపల ఇంట్లకు ఎవ్వడు రావద్దని ముత్యంను శనివారమే ఊరి అవతల వుకైర్‌ల విల్లా పనికి తోలిండు. ‘సారుకు పాణం బాగలేదు, బుధవారం దాక లేపకు’ అన్నడట సుధాకరరావు.”

జలాలుద్దీన్ చేతులు కట్టుకున్నాడు. “అరె, ఏసీ డ్రైవర్ గుడ వెయ్యొచ్చు గదా!”

“వేస్తే వానికేం లాభం? శనివారం రాత్రి వాడు వుకైర్‌ల రూము నిండ మనుషుల నడుమ పండుకున్నడు. మంగళవారం నాటికి వాళ్ళంత వేరే సైటుకు పోయిండ్రు, వాడొక్కడే ఉన్నడు. చావు శనివారం నుంచి మంగళవారానికి జరిగితే ముత్యం ఇరుక్కున్నడు. తప్పించుకున్నోడు విమానం ఎక్కినోడు.”

“సుబూత్, సాక్ష్యం కావాలె సాబ్. నీ ఆలోచనలు కాదు.”

నర్సింలు మంచం అంచున కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేదు. మఠం సంగతి, తీర్థం సంగతి, సర్పంచి మాట, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. జలాలుద్దీన్ విని, పెద్దగా నవ్వాడు.

“సూతకం! ఖాజీ ముందట సూతకం అంటవా? తర్జుమా చేసేది నేను. అరబ్బీల ఆ మాటే లేదు.”

“మాట లేకుంటే లేకపాయె. మంగళవారం ఉన్నది గదా అరబ్బీల? నువ్వు సుధాకరరావుకు చావు కబురు ఎప్పుడు చెప్పినవ్?”

“బుధవారం రాత్రి. నేనే ఫోన్ చేసిన.”

“మంగళవారం మధ్యాహ్నం నీ డాక్టర్ లెక్కల జలంధర్‌రావు బతికే ఉన్నడు. బతికున్న తమ్మునికి అన్న సూతకం ఎట్ల పట్టిండో, అది తర్జుమా జెయ్యి.”

జలాలుద్దీన్ నవ్వు ఆగిపోయింది. ఏసీ వైపు చూశాడు, బల్ల మీది రిమోట్ వైపు చూశాడు. అతను దుర్మార్గుడు కాదని నర్సింలుకి తెలుసు. తనలాగే అలిసిపోయిన మనిషి. చేతికి దొరికినవాడిని పట్టుకుని ఇంటికి పోయి పడుకోవాలనుకున్నాడు, అంతే.

“ఏడ్చిండు సాబ్,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “ఫోన్ల చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. యాక్టింగ్ కాదు అది.”

“యాక్టింగని నేననలే. తమ్ముడు గదా, ఏడ్వకెట్ల ఉంటడు? బుధవారం దాక ఆపుకున్నడు, గంతే.” నర్సింలు ఏసీ రిమోట్‌ని కవర్లో పెట్టి అతనికి అందించాడు. “పైన తుడిచి ఉంటడు. లోపలి సెల్స్ మీద వేలిముద్రలు తుడవాలని ఎవ్వనికీ యాదికి రాదు. పోలీసోళ్ళకు జెప్పి ల్యాబుకు పంపియ్యి.”

“పంపుత. కానీ రిపోర్ట్ రేపు పొద్దుటికి రాదు. ఆ ముసలమ్మ వచ్చి చెప్తదా?”

“చెప్తది.”

“ఆమె చెప్తే నేనే పెద్దసాబ్ కాళ్ళ మీద పడి వాంగ్మూలం ఆపిస్త. ఆమె రాకుంటే నాతోని గాదు. నీ ముత్యం వేలు నల్లగైతది.”

“వస్తదంటున్న గదా!”

జేబులో ఫోన్ మోగింది. భూమవ్వ అనుకున్నాడు. ఈసారి ఆమెకి చెప్పడానికి ఒక మంచిమాట ఉంది. తీసి చూస్తే వేదవతి.

“నర్సింలు గారూ, మీరేమీ అనుకోకపోతే... మీరు వెళ్ళాక అత్తయ్యగారు సుధాకరరావు గారికి ఫోన్ చేశారండి.”

నర్సింలు లేచి నిలబడ్డాడు. “ఎవ్వరికీ చెప్పొద్దంటి గదమ్మా!”

“మీ సంగతి చెప్పలేదండి. పరామర్శకే చేశారు. చావు తెలిశాక కూడా పలకరించకపోతే మనుషులమేనా అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. వచ్చేసరికి, ‘ఆ రోజు సూతకమని తెలియక తీర్థం ఇవ్వబోయాను, తప్పు నాదే బాబూ, పోయింది మీ జలంధరేనట కదా’ అంటున్నారు.”

జలాలుద్దీన్ దగ్గరికి వచ్చి ఫోన్‌కి చెవి ఆనించాడు.

“తరువాత?”

“పావుగంటలో ఆయనే వచ్చారు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారట. కర్మ ఎలా చెయ్యాలో ఈ దేశంలో చెప్పేవాళ్ళు లేరు, పెద్దవారు మీరొచ్చి మా ఇంట్లో పద్ధతులన్నీ చెప్పాలి పిన్నిగారూ అని బతిమాలారు. పుణ్యకార్యం, గంటలో వచ్చేస్తానని ఆవిడ బయల్దేరిపోయారు. వద్దంటే వినలేదండి. ఇప్పుడు బీపీ మాత్ర వేసుకునే వేళ, ఫోన్ చేస్తుంటే మోగి మోగి ఆగిపోతోంది. ఆయనది స్విచ్ఛాఫ్.”

“వుకైర్,” అన్నాడు జలాలుద్దీన్, అప్పటికే కారు తాళాలు తీస్తూ. “వాని ఇల్లు వుకైర్‌ల. యల్లా, నడువ్!”

నర్సింలు మోకాళ్ళ సంగతి మరిచిపోయి మెట్లు దిగాడు. పరిగెడుతూనే అడిగాడు. “మేడం, మనిషి ఎట్లున్నడు? బలవంతం జేసిండా? ఇంట్లకు వచ్చి గుంజుకపోయిండా?”

“అయ్యో, లేదండి. ఎంతో మర్యాదగా ఉన్నారు. అసలు లోపలికే రాలేదు. ఎండలో వచ్చారు, మంచినీళ్ళు పుచ్చుకోండన్నా గుమ్మం దాటలేదు.” వేదవతి ఏడుపు ఆపుకుంటోంది. “మాకు సూతకం కదమ్మా అని, బయటే నిలబడ్డారు.”